రెండోసారి వచ్చినావిడే కస్టమరు

తిరుపతిలో బ్యూటీషియన్ శిక్షణ పూర్తిచేసి, సొంతంగా పార్లర్ పెట్టుకోబోతున్న మహిళలకు చెప్పిన ప్రసంగమిది. ఆ పొద్దు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారమమ్మా. వెనక వరసకి వినపడుతోందా? ఆ మూల ఫ్యాను కొంచెం తగ్గించండి. ఆఁ, చాలు.

మీకందరికీ చెయ్యి తిరిగింది. థ్రెడింగ్ వచ్చు, వ్యాక్సింగ్ వచ్చు, ఫేషియల్ వచ్చు. కొందరు పెళ్లికూతుర్ని కూడా తయారుచేస్తారు. కుర్చీ కొన్నారు, అద్దం కొన్నారు, గదికి అడ్వాన్సు ఇవ్వబోతున్నారు. సరే, ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? అడిగితే ఏమంటారు? "మావాళ్లు చాలామంది ఉన్నారు మేడమ్" అంటారు. ఎవరమ్మా మీవాళ్లు? అక్క, వదిన, పక్కింటావిడ, పిల్లల స్కూలు దగ్గర పరిచయమైనావిడ. వస్తారు. మొదటి నెల తాంబూలానికి వచ్చినట్టు వస్తారు. డబ్బులు తీసుకోవాలంటే మీకు మొగమాటం, ఇవ్వకపోతే బాగుండదని వాళ్లకి మొగమాటం. రెండో నెల ఎంతమంది వస్తారు?

అందుకే మొదటిసారి వచ్చినావిడని కస్టమరు అనొద్దండీ. ఆవిడ చుట్టం. చూసిపోదామని వచ్చింది. మీరు పిలవకపోయినా, ఆఫరు లేకపోయినా, డబ్బులు పట్టుకుని రెండోసారి మెట్లెక్కిందే, ఆవిడ కస్టమరు. ఈ పొద్దు నేను చెప్పేదంతా ఆ రెండోసారి గురించే.

బోర్డు మీద ఒక లెక్క వేస్తాను, రాసుకోండి. ఈ అంకెలు ఉదాహరణకే, మీ సొంత అంకెలు మీరు వేసుకోండి. గది అద్దె 7,000. కరెంటు 1,500. హెల్పర్‌కి 8,000. ఫోను, నెట్టు 500. టవళ్ల ఉతుకు, టిష్యూలు, నీళ్లు 1,000. లోను కంతు 3,000. ఎంతయింది? 21,000. ఇంకేమైనా మర్చిపోయామా? మీ జీతమమ్మా! మీ జీతం రాసుకోరు మీరు. 15,000 వేయండి. మొత్తం 36,000.

ఇప్పుడు ఒక్కో మనిషి దగ్గర ఎంత వస్తుంది? థ్రెడింగ్‌కి వచ్చినావిడ 40 ఇస్తుంది, ఫేషియల్‌కి వచ్చినావిడ 700 ఇస్తుంది. సరాసరి 200 అనుకుందాం. అందులో సామానుకి 40 పోతుంది, మిగిలేది 160. 36,000ని 160తో భాగించండి. 225. అంటే నెలకి 225 సార్లు ఆ కుర్చీ నిండాలి. 26 రోజులు తెరిస్తే రోజుకి దాదాపు తొమ్మిది మంది. అలవాటు పడినావిడ 25 రోజులకొకసారి వస్తుందనుకుంటే, 225 సార్లు నిండడానికి దాదాపు 190 మంది కావాలి. అంతే! తిరుపతి ఊరంతా అక్కర్లేదు. 190 మంది ఆడవాళ్లు చాలు.

కానీ ఇక్కడ ఒక చిక్కుంది చూడండి. కొత్తగా వచ్చినవాళ్లలో సగం మందే మళ్ళా వస్తే, ఆ 190 మంది కోసం 380 మందిని లోపలికి తేవాలి. ఐదుగురిలో నలుగురు మళ్ళా వస్తే 240 మంది చాలు. ఏడాది టైము పెట్టుకుంటే వారానికి ఐదుగురు కొత్తవాళ్లు. వారానికి ఐదుగురు మీ వల్ల కాదా? అవుతుంది. మరి పాంప్లెట్లు ఎందుకు పంచుతున్నాం, ఫ్లెక్సీలు ఎందుకు కడుతున్నాం? తలుపు తియ్యడం మీద పెట్టే ఖర్చులో సగం, వచ్చినావిడని నిలబెట్టుకోవడం మీద పెట్టడం లేదు.

ఈ లెక్కలోనే ఇంకొకటి కూడా తేలిపోతుంది. 225ని 200తో గుణించి, పన్నెండు నెలలు వేస్తే 5,40,000. సర్వీసు వ్యాపారానికి ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాబట్టి ఆ భయం ఇప్పుడు పెట్టుకోవద్దు. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు మాత్రం తీసుకోండి.

ఇప్పుడు ఆ ఐదుగురు ఎక్కడున్నారు? తిరుపతిలో ఉన్నవాళ్లకి ఒక భ్రమ ఉంటుంది. రోజూ వేలమంది దిగుతున్నారు కదా, బస్టాండు దగ్గరో, రైల్వే స్టేషన్ ఎదురుగానో గది తీసుకుంటే చాలు అని. యాత్రికులు వస్తారమ్మా, రారని కాదు. జడ వేయించుకుంటారు, చీర కట్టించుకుంటారు, కొండెక్కి వెళ్లిపోతారు. మళ్ళా మూడేళ్లకి వస్తారు. మన లెక్క 25 రోజులది. ఎక్కువ అద్దె కట్టి, తిరిగి రాని మనుషుల దారిలో కూర్చోవడం ఎందుకు? కొర్లగుంట, బైరాగిపట్టెడ, ఎమ్మార్‌పల్లి, అవిలాల, ఇట్లాంటి చోట కాపురాలుండే వీధి చూసుకోండి. కూరగాయలకి వెళ్లి వస్తూ, పిల్లల్ని ట్యూషన్‌లో దించి వస్తూ ఎక్కగలగాలి. పది నిమిషాల నడకలో ఎన్ని ఇళ్లున్నాయి, ఎన్ని అపార్ట్‌మెంట్లున్నాయి, ఒక సాయంత్రం తిరిగి లెక్కపెట్టుకోండి. గదికి అడ్వాన్సు ఇవ్వకముందు చేయాల్సిన పని ఇది.

మహిళా యూనివర్సిటీ దగ్గర, ఎస్వీ యూనివర్సిటీ దగ్గర పెట్టుకుంటామని కొందరు అడిగారు. మంచిదే. అమ్మాయిలు గుంపుగా వస్తారు, ఒకరు బాగుందంటే హాస్టల్ గది మొత్తం వస్తుంది. కానీ ఎండాకాలం సెలవులిచ్చారంటే ఒక్కసారిగా ఖాళీ. అద్దెకి సెలవులుండవు కదా? విద్యార్థినులు మీ వాళ్లలో మూడో వంతుకి మించకుండా చూసుకోండి. మిగతాది కాపురాలు, ఉద్యోగస్తులు. కలెక్టరాఫీసు ఉంది, దేవస్థానం ఆఫీసులున్నాయి, స్విమ్స్, రుయా ఆస్పత్రులున్నాయి. నర్సులకి షిఫ్టులుంటాయి, ఆఫీసులో పనిచేసేవాళ్లు సాయంత్రం ఐదున్నర తర్వాతే వస్తారు. మీరేమో ఏడింటికి షట్టరు దించేస్తారు. వాళ్లెప్పుడు రావాలి? పొద్దున ఒక గంట ఆలస్యంగా తెరవండి, రాత్రి ఎనిమిదిన్నరదాకా ఉంచండి. బోర్డు మీద రాసిన టైముకి తలుపు తీసి ఉండాలి. రెండుసార్లు వచ్చి తాళం చూసినావిడ మూడోసారి రాదు, ఫోను కూడా చేయదు.

మంగళవారం, శుక్రవారం చాలామంది కత్తెర పెట్టనివ్వరు, కొందరు కనుబొమలు కూడా ముట్టుకోనివ్వరు. నమ్మకాన్ని వాదించి గెలవలేం. ఆ రోజుల్లో ఫేషియల్, పెడిక్యూర్, తలకి నూనె మర్దన పెట్టుకోండి. మంగళవారం పొద్దున నోటుబుక్కు ముందేసుకుని ఫోన్లు చేయండి. మన ఊళ్లో ఇంకో సంగతి. మొక్కుకుని మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చిన ఆడవాళ్లు ఉంటారు, చివర ఎగుడుదిగుడుగా ఉంటుంది. "చివర్లు సమంగా కత్తిరిస్తాం" అని బోర్డు మీద ఒక ముక్క రాయండి. గుండు కొట్టించుకున్న పిల్లల తల్లులు, జుట్టు ఎట్లా పెరుగుతుందని అడగడానికైనా వస్తారు.

ఇప్పుడు అసలు విషయం. థ్రెడింగ్. 40 రూపాయల పని అని చిన్నచూపు చూస్తారు, హెల్పర్‌కి అప్పజెప్తారు. చాలా తప్పమ్మా. ఫేషియల్ వాయిదా వేసుకోవచ్చు, వ్యాక్సింగ్ నెలకి జరపొచ్చు, కనుబొమలు మాత్రం ఇరవై రోజులకి అడుగుతాయి. ఆవిడని మళ్ళా మళ్ళా మీ మెట్లెక్కించేది ఆ దారమే. ఆ ఏడు నిమిషాలు ఆవిడ ముఖం మీ ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. మీ చేతి వాసన, మీ గోళ్లు, మీ ఊపిరి అన్నీ తెలుస్తాయి. మధ్యాహ్నం భోంచేసి వచ్చి పుక్కిలించకుండా వంగారనుకోండి, అంతే.

ఎట్లా చేయాలో ఒకసారి చూద్దాం. ఇటు రామ్మా, కూర్చో. తల వెనక్కి ఆనాలి, మెడ కింద చుట్టిన టవలు. అద్దం ఆమె చేతికివ్వండి, ముందే. "ఎట్లా కావాలి?" అని అడిగితే "మామూలుగా చేయండి" అంటారు. అది జవాబు కాదు. "పైన ముట్టుకోకుండా కింద మాత్రం శుభ్రం చేయనా? వంపు ఉండాలా, తిన్నగా ఉండాలా? పోయినసారి ఎవరైనా సన్నగా తీసేశారా?" అని మూడు అడగండి. కనుబొమ వెంట్రుకల్ని పైకి దువ్వండి. ముక్కు పక్క నుంచి నిలువుగా గీత గీస్తే కనుబొమ మొదలు అక్కడ, ముక్కు పక్క నుంచి కంటి చివరకి ఏటవాలుగా గీస్తే తోక అక్కడ. ఆ రెండు గుర్తులు పెన్సిల్‌తో పెట్టుకున్నాకే దారం పట్టండి. కొత్త దారం, మూరన్నర, ప్రతి మనిషికీ కొత్తది. నోట్లో పెట్టుకోవద్దు, మెడకి చుట్టుకోండి. నోట్లో దారం చూసి మొహం చిట్లించిన అమ్మాయి మీకు చెప్పదు, మళ్ళా రాదంతే. కొంచెం పౌడరు, చర్మాన్ని ఆమెనే రెండు వేళ్లతో బిగించి పట్టమనండి. వదులుగా ఉన్న చర్మం మీద దారం పోతే కోసుకుంటుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఏంటో తెలుసా? ఎడమది కొంచెం లావుందని అక్కడ రెండు తీస్తారు, ఇప్పుడు కుడిది లావుగా కనిపిస్తుంది, అక్కడ రెండు తీస్తారు. చివరికి రెండూ సన్నబడతాయి. ఎవరికీ రెండు కనుబొమలూ అచ్చు ఒకటిగా ఉండవమ్మా, ముఖమే అట్లా ఉండదు. సందేహం వచ్చిందా, ఆపండి. ఆఖరి నాలుగు వెంట్రుకలు ఉంచి, "చూసుకోండక్కా, ఇంకా తీయమంటారా?" అని అడగండి. తీసింది పెట్టలేం, ఉంచింది ఎప్పుడైనా తీయొచ్చు. తర్వాత చల్లటి దూది, కొంచెం కలబంద జెల్. ఎర్రగా ఉందంటే గంటలో తగ్గుతుందని మీరే ముందు చెప్పాలి. ఇంటికెళ్లి అద్దంలో చూసుకుని కంగారుపడ్డాక చెప్తే అది సంజాయిషీ అవుతుంది.

అన్నట్టు పిలుపు. ముప్పై రెండేళ్లావిడని ఆంటీ అన్నారంటే మీ పని అయిపోయినట్టే! అక్కా అనండి, పెద్దావిడైతే అమ్మా అనండి. నవ్వుతున్నారు గానీ, ఇది నిజం.

ఆవిడ లేచి డబ్బులిస్తుంది. అప్పుడు నోటుబుక్కు తీయాలి. ఇరవై రూపాయల లాంగ్ నోటుబుక్కు చాలు, యాప్ అక్కర్లేదు. పేరు, వీధి, ఫోన్ నంబరు, తేదీ, ఏం చేశాం. ఇవి అందరూ రాస్తారు. ఇంకో మూడు గడులు గీయండి. ఒకటి, చేసిన పద్ధతి: కనుబొమ వంపు ఎట్లా, వ్యాక్స్ తేనెదా, రికా కంపెనీదా, జుట్టు రంగైతే షేడ్ నంబరు, అందులో కలిపే డెవలపర్ ఎన్ని వాల్యూమ్ (అంటే ఎంత గాఢత), ఎన్ని నిమిషాలు ఉంచాం. పోయినసారి లాగే కావాలక్కా అన్నప్పుడు పోయినసారి ఏంటో మీకు తెలియాలి కదా? రెండు, ఒంటికి పడనివి. మూడు, ఎవరు పంపారు. ఈ మూడో గడి దగ్గర బద్ధకించొద్దు. ఆరు నెలల తర్వాత తిప్పి చూస్తే, ముగ్గురో నలుగురో ఆడవాళ్లు మీకు సగం మందిని పంపి ఉంటారు. ఒకరు అపార్ట్‌మెంట్ సెక్రటరీ భార్య అయివుంటుంది, ఒకరు టీచరు అయివుంటుంది. వాళ్లెవరో మీకు తెలియకపోతే, వాళ్ల పుట్టినరోజుకి ఒక పెడిక్యూర్ ఉచితంగా చేసే బుద్ధి ఎట్లా పుడుతుంది?

తర్వాత ఫోను. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజి అందరికీ విడివిడిగా పోయేట్టు పెడతారు, ఎవరికీ పోవడం లేదంటారు. ఎందుకు పోదు? మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయివుంటేనే ఆ మెసేజి చేరుతుంది. ఒక్కో లిస్టులో 256 మందే పడతారు. మనకి కావాల్సింది 190, ఒక లిస్టు సరిపోతుంది. కాబట్టి కౌంటర్ దగ్గరే "నా నంబరు సేవ్ చేసుకోండక్కా, ఎప్పుడు ఖాళీగా ఉంటానో పంపిస్తాను" అని, వాళ్లు సేవ్ చేసేదాకా నవ్వుతూ నిలబడండి. గ్రూపు మాత్రం పెట్టొద్దు. ఒకరి నంబరు ఇంకొకరికి తెలిసిపోతుంది, పైగా ధరల మీద చర్చ మొదలవుతుంది.

ఇరవై రెండో రోజు విడిగా ఒక మెసేజి. "బంపర్ ఆఫర్, త్వరపడండి" కాదు. ఇట్లా రాయండి: "అక్కా, పోయిన నెల 6న ఐబ్రోస్ చేయించుకున్నారు. ఈ బుధ, గురువారాల్లో మధ్యాహ్నం మూడు తర్వాత ఖాళీగా ఉంది. ఏ రోజు పెట్టమంటారు?" చివర ప్రశ్న ఉండాలి, రెండు రోజులు చెప్పాలి. జవాబు రాకపోతే ఇంకో పది రోజులకి ఒక్కసారి. అంతకుమించితే విసుగు.

డిస్కౌంట్ సంగతి అడుగుతారని తెలుసు. ప్రారంభోత్సవానికి సగం ధర పెడతారు. 800 ఫేషియల్ 400. కిట్ ఖర్చు 250. గంటంపావు వంగి చేస్తే మీకు మిగిలేది 150. వచ్చేదెవరు? ఎక్కడ సగం ధర ఉంటే అక్కడికి వెళ్లేవాళ్లు. వచ్చే నెల ఇంకొకరి ప్రారంభోత్సవానికి వెళ్తారు. మీ వీధి ఆవిడకి మాత్రం ఏం తెలిసింది? మీ ఫేషియల్ విలువ 400 అని. తర్వాత 800 అంటే పెంచేశారంటుంది. దానికి బదులు, మొదటిసారి పూర్తి ధర తీసుకోండి. ఆవిడ డబ్బులిచ్చేటప్పుడు చేత్తో రాసిన చిన్న కార్డు ఇవ్వండి: ముప్పై రోజుల్లోపు వ్యాక్సింగ్‌కో ఫేషియల్‌కో వస్తే థ్రెడింగ్ ఉచితం. దానికి మీకయ్యేది మూరన్నర దారం, ఏడు నిమిషాలు. స్నేహితురాలిని తెస్తే ఇద్దరికీ ఏదో ఒకటి ఇవ్వండి. ఒకరికే ఇస్తే పంపినావిడకి కమిషన్ తీసుకున్నట్టు ఉంటుంది.

పెళ్లిళ్ల గురించి. పెళ్లికూతురు మిమ్మల్ని వెతుక్కుంటూ రాకముందే ఆ ఇంట్లో పెళ్లని ఎవరికి తెలుస్తుంది? పంతులుగారికి, కల్యాణ మండపం వాళ్లకి. ఇంకా? టైలర్‌కి! మగ్గం వర్క్ జాకెట్ నెల ముందే ఇస్తారు. కాబట్టి మీ చుట్టుపక్కల మగ్గం వర్క్ చేసే షాపు, పూలజడలు అల్లేవాళ్లు, గాజుల షాపు, ఫొటోగ్రాఫరు, వీళ్లతో పరిచయం పెంచుకోండి. కార్డులు పడేసి రావడం కాదు. మీ దగ్గరికి వచ్చినవాళ్లని మీరు ముందు వాళ్ల దగ్గరికి పంపండి, "పార్లర్ ఆవిడ పంపింది" అన్న మాట ఆ షాపులో నాలుగుసార్లు వినపడాలి.

బుకింగు అయ్యాక మూడోవంతు అడ్వాన్సు, తేదీ, టైము, ఎంతమందికి, ధర, అన్నీ రాసి వాట్సాప్‌లో పంపండి. టైము వెనక నుంచి లెక్కపెట్టాలి. ముహూర్తం తెల్లవారుజామున 4:20 అనుకోండి. గౌరీపూజకి 3:15కి కూర్చోబెడతారు. మేకప్, జడ, చీర కలిపి రెండున్నర గంటలు, అంటే 12:45కి మొదలుపెట్టాలి. సామాను సర్దుకోవడానికి అరగంట. 12:15కి తిరుచానూరు రోడ్డు మండపంలో ఉండాలి. ఆ రాత్రి మిమ్మల్ని ఎవరు తీసుకెళ్తారు, ఎవరు తీసుకొస్తారు? బుకింగు రోజే అడగాల్సిన ప్రశ్న అది. గట్టి ముహూర్తం రోజు ఇద్దరు పెళ్లికూతుళ్లని ఒప్పుకోవద్దు. హోమం పొగకి కళ్లు కారతాయి, వాటర్‌ప్రూఫ్ మస్కారా తప్పనిసరి. తలంబ్రాల పసుపు బుగ్గల మీద అంటుతుంది, తుడవకుండా మెత్తటి బ్రష్‌తో దులపండి. కొత్త ఫేషియల్ పెళ్లికి ముందురోజు ఎప్పుడూ చేయొద్దు. వారం ముందే చేసేయండి, పొక్కినా తగ్గడానికి టైముంటుంది.

ఆషాఢంలో, మూఢం ఉన్నప్పుడు, పెళ్లిళ్లుండవు. ఆ నెలలకి డబ్బు మాఘం, వైశాఖం సంపాదనలోంచి పక్కన పెట్టాలి. ఆషాఢంలో కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింట్లోనే ఉంటారు, అది గుర్తుపెట్టుకోండి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం శుక్రవారం, రద్దీ బుధ గురువారాల్లోనే. ఆ వారం హెల్పర్‌కి సెలవివ్వొద్దు.

ఇప్పుడు చెడేది ఎక్కడ? ఒక్క కాలిన మచ్చ, ఒక అపార్ట్‌మెంట్ మొత్తం పోతుంది. వ్యాక్స్ ముందు మీ మణికట్టు లోపలివైపు పెట్టి చూసుకోండి. జుట్టు రంగుకి చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగాలి. "నేనెప్పుడూ వేసుకునేదే" అన్నా సరే. అందులో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, పదిసార్లు పడినవాళ్లకి పదకొండోసారి పడకపోవచ్చు. ముఖానికి ఏం చేసినా ముందు ఒక ప్రశ్న: "రాత్రిపూట ఏదైనా క్రీము రాస్తున్నారా? డాక్టరు రాసిచ్చిందా, మెడికల్ షాపులో కొన్నదా?" మొటిమలకి రెటినాల్ జాతి క్రీములు రాస్తుంటే వ్యాక్స్‌తో పాటు చర్మం లేచొస్తుంది. తెల్లబడడానికని స్టెరాయిడ్ క్రీములు రాస్తుంటే చర్మం పలచబడి ఉంటుంది, బ్లీచ్ పెట్టారంటే మంటే. ఆవిడని చర్మం డాక్టరు దగ్గరికి పంపండి. ఆ పూట 700 పోతుంది. మళ్ళా ఆవిడే వాళ్ల చెల్లెల్ని తీసుకొస్తుంది.

ఏదైనా తేడా వస్తే "మీ స్కినే అంత" అనే మాట నోట రానివ్వొద్దు. చల్లటి నీళ్లు, డబ్బులు వాపసు, మర్నాడు మీరే ఫోను.

గూగుల్ మ్యాప్‌లో పేరు, టైములు, నాలుగు ఫొటోలు పెట్టండి, పిన్ సరిగ్గా మీ మెట్ల మీద పడేట్టు చూసుకోండి. రివ్యూ రాయమని అడగొచ్చు. రాస్తే డిస్కౌంటు ఇస్తామనడం మాత్రం గూగుల్ నిబంధనలకి విరుద్ధం. కస్టమరు ముఖం ఫొటో ఆమెని అడక్కుండా స్టేటస్‌లో పెట్టొద్దు.

ఆఁ, ఎవరో చెయ్యెత్తారు. ఇంటికి వచ్చి చేయమంటే ఏం చేయాలనా? రెండు కిలోమీటర్ల లోపల, కనీసం 500 బిల్లు ఉంటేనే, ఆటో ఖర్చు విడిగా. కొత్త ఇంటికి ఒంటరిగా వెళ్లొద్దు, హెల్పర్‌ని తీసుకెళ్లండి, ఇంట్లో ఎవరికైనా లొకేషన్ పంపి వెళ్లండి. బాలింతలకి, పెద్దవాళ్లకి తప్పకుండా వెళ్లండి. మిగతావాళ్లకి అలవాటు చేస్తే వాళ్లు ఇంక మెట్లెక్కరు, మీరు ఆటోలో ఉన్నంతసేపూ ఇక్కడ తలుపుకి తాళమే ఉంటుంది. ఇంకో ప్రశ్నా? సరే, టీ తాగి వచ్చాక చెప్పుకుందాం. దారాలు, పెన్సిళ్లు బయట పెట్టుకోండి, తర్వాతి గంట కనుబొమలు గీయడమే.